తిరగని మెడ

మా పెద్దనాయినను వెనక నుంచి పిలిస్తే తల తిప్పి చూసేవాడు కాదు. నిలబడ్డ చోటనే చిన్నచిన్న అడుగులు వేసుకుంటూ మనిషి మొత్తం మనవైపు మలిగేవాడు. తల, భుజాలు, నడుము అన్నీ ఒకటే దిమ్మ. ఇరుకు సందులో ఎడ్లబండిని మలిపినట్టు. పూర్తిగా మలిగాక, అప్పుడు, "ఏంది రా" అనేవాడు.

పిల్లలం దాన్నొక ఆట చేసుకున్నాం. ఒకడు కుడిపక్క నుంచి పిలవాలి, ఆయన సగం మలిగేసరికి ఇంకొకడు ఎడమపక్క నుంచి పిలవాలి. ఆ ఆటలో నేనూ ఉన్నాను, ఆయన కొడుకూ ఉన్నాడు. ఆయనకు కోపం వచ్చేదో లేదో తెలియదు. ఆయన మొహం మాకు కనపడేలోపు మళ్ళీ వెనక్కి ఉరికేవాళ్ళం.

మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలో ఒక ఊరు. అలాంటి మెడ మా ఊళ్ళో ఆయనొక్కడిదే కాదు. కానీ ఆయన పొడగరి కాబట్టి ఎక్కువ కనపడేది. తలూపడం రాదు. అవునంటే "ఊఁ" అనేవాడు, కాదంటే చేయి అడ్డంగా ఊపేవాడు. చెప్పు ఊడితే కిందికి చూడకుండా కాలితోనే తడుముకునేవాడు. గుళ్ళో అందరూ తల వంచినప్పుడు ఆయన నిటారుగా నిలబడి కళ్ళు మాత్రం దించేవాడు. ఆయన పెళ్ళి మాటలప్పుడు పొరుగూరి వాళ్ళు "పిలగానికి పొగరు, మెడ వంచడు" అనుకుని ఒక సంబంధం వదులుకున్నారని మా నాయిన చెప్పేవాడు. అది మెడ వల్లనే తప్పిందా అన్నది నాకిప్పటికీ అనుమానమే. మా నాయినకు కథలు చెప్పే అలవాటుంది.

జబ్బు పేరు మాకు చిన్నప్పుడే తెలుసు. బయటివాళ్ళు ఫ్లోరోసిస్ అంటారు, మా దగ్గర ఫ్లోరిన్ అనే అంటారు. "వాళ్ళ ఇంట్ల ఇద్దరికి ఫ్లోరిన్ ఉంది" అంటే చాలు, ఇక అడిగేదేమీ ఉండదు. పేరు తెలియడం వల్ల వచ్చే నష్టం అదే. పేరు తెలిశాక ఎవరూ దాని గురించి ఆలోచించరు. నేనూ ఆలోచించలేదు, 2014 దాకా.

అప్పుడు గచ్చిబౌలిలో ఉద్యోగం. కంపెనీ బస్సులో రానూపోనూ రెండు గంటలు. ఆ రెండు గంటల్లో చదివిన వాటిలో నీల్ షూబిన్ రాసిన 'యువర్ ఇన్నర్ ఫిష్' ఒకటి. 2008లో వచ్చిన పుస్తకం, నాకు ఆలస్యంగా దొరికింది. షూబిన్, ఆయన సహచరులు కెనడాకి ఉత్తరాన ఎల్స్‌మియర్ దీవిలో, మంచులో, ఏళ్ళ తరబడి రాళ్ళు వెతికి 2004లో ఒక చేప శిలాజాన్ని పట్టుకున్నారు. వయసు 37.5 కోట్ల సంవత్సరాలు. పేరు టిక్టాలిక్. దాన్ని ప్రపంచానికి 2006లో చూపించారు. నేను ఎంసెట్ రాసిన ఏడు. ఆ వార్త చదివిన గుర్తు లేదు. బైపీసీ వాళ్ళ సంగతి మనకెందుకు అనుకునే రోజులు.

అందరూ టిక్టాలిక్ రెక్కల గురించి మాట్లాడతారు. రెక్కలోపల మన భుజం, మోచేయి, మణికట్టు ఎముకలకు పోలికలున్నాయని. నన్ను ఆపింది అది కాదు. దాని మెడ.

చేపకి మెడ ఉండదు. ఎముకల చేప ఏదైనా తీసుకోండి, మన చెరువు బొచ్చె తీసుకోండి. దాని పుర్రె వెనక భాగం వరుసగా కొన్ని పలక ఎముకలతో భుజపు ఎముకలకు అతుక్కుని ఉంటుంది. చేప పక్కకి చూడాలంటే ఒళ్ళంతా పక్కకి తిరగాలి. నీళ్ళలో అది పెద్ద ఇబ్బంది కాదు, తోక ఒక్కసారి ఆడిస్తే మనిషంత చేపయినా తిరిగిపోతుంది. టిక్టాలిక్‌లో ఆ అతుకు పలకలు లేవు. తల భుజాల నుంచి విడిపోయింది. ఒళ్ళు కదపకుండా తల ఒక్కటే తిప్పగలిగిన చేప అది. లోతు తక్కువ నీళ్ళలో, బురదలో, కాళ్ళలాంటి రెక్కలు నేలకి ఆనించి ఉన్నప్పుడు, ఒళ్ళంతా తిప్పడం కష్టమైన చోట, మెడ పనికొస్తుంది. తర్వాత నేల మీదికి వచ్చిన కప్ప, పాము, కాకి, బర్రె, మనిషి అందరూ దాని దగ్గరి చుట్టాల సంతానం.

ఆ పేజీ అంచున పెన్సిల్‌తో "పె.నా." అని రాసుకున్నాను. ఆ పుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది, ఆ రెండక్షరాలు కూడా.

ఏడో తరగతి తెలుగు మీడియం పుస్తకంలో "సకశేరుకాలు, అకశేరుకాలు" అని బట్టీ కొట్టాం. కశేరుకం అంటే వెన్నుపూస అని ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ మాట ఇంత భయపెట్టేది కాదు. వెన్నుపూసలున్న జంతువులు, లేని జంతువులు, అంతే కదా. తెలుగులో పరిణామం గురించి భయపెట్టకుండా రాసినవాళ్ళలో కొడవటిగంటి రోహిణీప్రసాద్ ఒకరు. ఆయన వ్యాసాలు ఉద్యోగంలో చేరాక అంతర్జాలంలో చదివి, ఇవి బళ్ళో ఎందుకు లేవని కోపం వచ్చింది.

వెన్నుపూసల్లో మెడవి ఏడు. మనకీ ఏడే, జిరాఫీకీ ఏడే, ఎలుకకీ ఏడే. పాలిచ్చే జంతువుల్లో స్లాత్, మానటీ లాంటి ఒకటి రెండు తప్ప అందరికీ అదే లెక్క. పొడుగు మెడ కావాలంటే పూసలు పొడుగవుతాయి గానీ సంఖ్య పెరగదు. గుడ్లగూబకి 14, అందుకే దానికా విద్య. మన ఏడింటిలో మొదటిది ఒక కడియం లాంటిది, పుర్రె దానిమీద కూర్చుంటుంది. రెండోదానికి పైకి పొడుచుకొచ్చిన ఒక మేకు ఉంటుంది, కడియం ఆ మేకు చుట్టూ తిరుగుతుంది. మనం కుడికీ ఎడమకీ చూడటంలో దాదాపు సగం ఈ రెండింటి మధ్యే జరుగుతుంది. మిగిలిన సగం కింది పూసలు తలా కొంచెం పంచుకుంటాయి. ఈ పూసలన్నిటినీ కట్టి ఉంచేవి నారల్లాంటి కట్లు, లిగమెంట్లు. అవి మెత్తగా, సాగేలా ఉంటేనే మెడ.

మా పెద్దనాయిన మెడలో ఆ కట్లు ఎముకలయ్యాయి.

ఇది అలంకారం కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన కాళ్ళు తిమ్మిర్లు పట్టి నడవలేకపోతుంటే హైదరాబాదులో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చూపించాడు. మామూలు ఎక్స్‌రేలో పూస, సందు, పూస, సందు అని నిచ్చెనలా కనపడాలి. ఇందులో సున్నం వేసిన గోడలా తెల్లగా ఉంది. పూసల సందుల్లోంచి నరాలు బయటికొచ్చే కంతలు ఇరుకైపోయాయి, వెన్నుపాము పోయే గొట్టం కూడా. అందుకే తిమ్మిర్లు. ఆపరేషన్ చేసి కొంత ఎముక తీసేస్తే ఒత్తిడి తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు అన్నాడు. పెద్దనాయిన కుర్చీతో సహా నా వైపు మలిగి, "ఎంతని తీస్తడు రా, మొత్తం అదే ఉంటే" అన్నాడు. ఆపరేషన్ వద్దన్నాడు.

నన్ను చాలాకాలం తిప్పలు పెట్టిన ప్రశ్న ఒకటుంది. విషమైతే ఎముక కరిగిపోవాలి గదా, పెరుగుతుందేంటి?

ఎముకలో బరువు లెక్కన మూడింట రెండొంతులు ఖనిజమే. కాల్షియం, ఫాస్ఫేటు, హైడ్రాక్సిల్ అనే చిన్న ముక్క కలిసిన స్ఫటికం, పేరు హైడ్రాక్సీ అపటైట్. ఫ్లోరైడ్ సరిగ్గా ఆ హైడ్రాక్సిల్ అంతే ఉంటుంది, దాని సీట్లో కూర్చుంటుంది. కూర్చున్నాక లేవదు. స్ఫటికం ఇంకా బిగుసుకుంటుంది, ఆసిడ్‌కి తొందరగా కరగదు. పేస్టులో ఫ్లోరైడ్ వేసేది ఇందుకే. పంటికి పుచ్చు పట్టేది నోట్లో పుట్టే ఆసిడ్ వల్ల, ఫ్లోరైడ్ ఉన్న పన్ను ఆసిడ్‌ని తట్టుకుంటుంది. సొరచేప పంటి పైపూత అచ్చంగా ఫ్లోరో అపటైటే. సముద్రపు నీళ్ళలో లీటరుకి 1.3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటుంది. వెన్నెముక ఉన్న జంతువులు పుట్టింది ఆ నీళ్ళలోనే. తాగే నీళ్ళలో 1.5 మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మా వైపు కొన్ని బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది.

అయితే ఎముక పన్ను కాదు. పన్ను ఒకసారి కట్టేసి వదిలేసిన గోడ. ఎముక ఎప్పుడూ మరమ్మతులో ఉండే ఇల్లు. అందులో రెండు రకాల కూలీలుంటారు. ఒకరు పాత ఎముకని ఆసిడ్ పోసి కరిగించి తవ్వేవాళ్ళు, ఒకరు కొత్తది కట్టేవాళ్ళు. పెద్దవాళ్ళలో కూడా ఏటా ఎముకల్లో పదో వంతు దాకా ఇలా కూలి మళ్ళీ లేస్తుంది. ఫ్లోరైడ్ కట్టేవాళ్ళని ఉసిగొల్పుతుంది, తవ్వేవాళ్ళ పనిని కష్టం చేస్తుంది. దాంతో కట్టకూడని చోట కూడా కడతారు. లిగమెంట్లలో, కీళ్ళ అంచుల్లో. పైగా ఆ కట్టేది నాసిరకం. ఒకప్పుడు వయసు మళ్ళినవాళ్ళ ఎముకలు గుల్లబారకుండా ఫ్లోరైడ్‌నే మందుగా ఇచ్చి చూశారు. 1990లో అమెరికాలో మేయో క్లినిక్ వాళ్ళు ఫలితం ప్రకటించారు. వెన్నుపూసల సాంద్రత మూడో వంతు పైగా పెరిగింది, విరగడం మాత్రం తగ్గలేదు. వెన్ను కాని ఎముకలు ఇంకా ఎక్కువ విరిగాయి. ఎముక గట్టిదనం ఎంత ఉందన్న దాంట్లో లేదు, ఎంత చెరిపి మళ్ళీ రాసుకోగలదన్న దాంట్లో ఉంది. పాత కోడ్‌లో ఒక్క లైను తీసెయ్యడానికి కూడా ఎవరికీ ధైర్యం లేని ప్రాజెక్టులు నాకు బాగా తెలుసు. అవి ఎప్పుడూ పెరుగుతూనే ఉంటాయి.

షూబిన్ పుస్తకంతో నా పేచీ ఇక్కడ మొదలవుతుంది. మంచి పుస్తకమే, ఎవరడిగినా చదవమనే చెప్తాను. మన వెక్కిళ్ళు, మన హెర్నియా ఇవన్నీ చేప ఒంటిని మనిషిగా మలిచినప్పుడు మిగిలిన అతుకులని చక్కగా చూపిస్తాడు. కానీ ఆ పుస్తకంలో ఒంటికి కాలం ఒక్కటే ఉంటుంది, స్థలం ఉండదు. ఒకసారి మెడ వచ్చిందంటే వచ్చినట్టే. 37 కోట్ల ఏళ్ళ కింద విడిపోయిన తలని ఒక తరంలో, ఒక చేదబావి మళ్ళీ భుజాలకి అతికించగలదన్న సంగతి ఆ కథలో పట్టదు. పట్టించమని అడగడం న్యాయమా అంటే కాకపోవచ్చు. నేను మర్రిగూడ వాణ్ణి కాబట్టి అడుగుతున్నాను.

మా నేలలో శిలాజాలు దొరకవు. రాక్షసబల్లి చూడాలంటే హైదరాబాదులో బిర్లా మ్యూజియానికి పోవాలి, అక్కడ నిలబెట్టిన కోటసారస్ గోదావరి పక్క నుంచి వచ్చింది. పాలమూరు నుంచి నల్లగొండ దాకా మన కింద ఉన్నది గ్రానైటు, నైస్ రాయి. వయసు 250 కోట్ల ఏళ్ళ పైమాటే. వెన్నెముక అనేది పుట్టి 50 కోట్ల ఏళ్ళు మాత్రమే. అంటే ఆ రాయి చల్లారేటప్పటికి ఎముక అన్న వస్తువే భూమ్మీద లేదు. గుట్టల మీద ఒకదానిమీద ఒకటి పేర్చినట్టుండే ఆ గుండ్లు ఎవరి బొక్కలూ చూడనివి. చూడనివైనా, వాటిలో ఫ్లోరైడ్ ఉంది. ఫ్లోరైట్, అపటైట్, నల్లగా మెరిసే బయోటైట్ అనే అభ్రకం. రాయి చివికి, పగుళ్ళలో నిలిచిన నీళ్ళు దాన్ని కొంచెం కొంచెం కరిగించుకుంటాయి. నీళ్ళలో కాల్షియం బాగా ఉంటే ఫ్లోరైడ్‌ని పట్టుకుని అడుక్కి దిగిపోయేది. కానీ మాది వాన తక్కువ, ఎండ ఎక్కువ ఉన్న నేల. నీరు ఆవిరవుతూ కాల్షియాన్ని దారిలోనే మట్టిలో సున్నపు గడ్డలుగా వదిలేస్తుంది. పట్టుకునేవాడు లేక ఫ్లోరైడ్ నీళ్ళలోనే తిరుగుతుంది, బోరు గొట్టంలోంచి బిందెలోకి, బిందెలోంచి మనలోకి, బర్రెలోకి. మా ఊళ్ళో లేవలేని బర్రెని అంగడికి తోలడం ఉండేది కాదు, అంగడి వాడే ఇంటికొచ్చి అగ్గువకు కొనుక్కుపోయేవాడు. 1930లలో నెల్లూరు జిల్లా దర్శి, పొదిలి, కనిగిరి వైపు ఈ జబ్బు మొదట కనిపెట్టింది కూడా రైతులేనంటారు, దుక్కిటెడ్లు బిగుసుకుపోయి అడుగు వేయలేకపోతుంటే. మనుషుల సంగతి 1937లో వైద్య పత్రికకెక్కింది. మన దేశంలో ఈ జబ్బు మీద వచ్చిన తొలి నివేదికల్లో అదొకటి.

ఇంకో సంగతి తెలిశాక నాకు కొన్ని రోజులు నిద్ర సరిగా పట్టలేదు. పాతిపెట్టిన ఎముక ఏమవుతుందన్నది. మట్టిలోని నీళ్ళు ఎముకలో ఊరతాయి. ఫ్లోరైడ్ హైడ్రాక్సిల్ సీట్లో కూర్చుంటుంది. ఏళ్ళు, వేల ఏళ్ళు, లక్షల ఏళ్ళు. ఎంత ఎక్కువ కాలం మట్టిలో ఉంటే అంత ఎక్కువ ఫ్లోరిన్. శిలాజం కావడంలో ఇదొక ముఖ్యమైన భాగం. దీన్ని ఆధారం చేసుకునే లండన్‌లో కెన్నెత్ ఓక్లీ అనే ఆయన ఎముకల్లో ఫ్లోరిన్ కొలిచి వయసు తేల్చడం మొదలుపెట్టాడు. ఇంగ్లండులో 1912లో బయటపెట్టిన పిల్ట్‌డౌన్ మనిషి పుర్రె కోతికీ మనిషికీ మధ్య లంకె అని 40 ఏళ్ళు నమ్మారు. ఓక్లీ కొలిస్తే అందులో ఉండాల్సినంత ఫ్లోరిన్ లేదు. 1953లో గుట్టు మొత్తం బయటపడింది. పుర్రె మనిషిది, దవడ ఒరాంగుటాన్‌ది, పళ్ళు ఎవరో ఆకురాయితో అరగదీశారు.

ఒక ఎముక మట్టిలో చాలాకాలం ఉందనడానికి గుర్తు ఫ్లోరిన్. మా పెద్దనాయిన ఎముకలకి ఆ పరీక్ష చేస్తే ఏం వయసు వచ్చేదో.

ఈ పనిని మట్టి మా దగ్గర మనిషి పోయేదాకా ఆగి చేయలేదు. బతికున్నప్పుడే, బువ్వ తింటుండగానే, పొలం దున్నుతుండగానే మొదలుపెట్టింది. ఎముక ఎందుకు పుట్టిందన్న దాని మీద చాలా వాదాలున్నాయి. మొదట ఎముక లోపల కాదు, దవడలు కూడా లేని పాతకాలపు చేపల ఒంటిమీద కవచంగా వచ్చింది. కవచమనే కొందరంటారు, కాదు కాల్షియం, ఫాస్ఫేటు దాచుకునే గాదె అని కొందరంటారు. గాదె వాదమే నాకు నచ్చుతుంది. నీళ్ళలో ఏది దొరికితే అది తీసి దాచుకోవడం, కావాల్సినప్పుడు మళ్ళీ తీసుకోవడం. ఆ అలవాటే ఇన్ని కోట్ల ఏళ్ళు మనల్ని నిలబెట్టింది. మా ఊళ్ళో మోసం చేసిందీ ఆ అలవాటే. పెద్దనాయినకి ఇదంతా ఒకసారి చెప్పబోయాను. విని, "బొక్కల్ల నీళ్ళు జేరినయ్, అంతే గదా బిడ్డా" అన్నాడు. అంతే.

ఇక నా సంగతి. నాకు అయిదేళ్ళప్పుడు నన్ను అమ్మమ్మ వాళ్ళింట్లో వదిలారు, పాలమూరు వైపు ఒక ఊరు. కారణం నీళ్ళు కాదు. అక్కడ బడి బాగుంటుందని. వాళ్ళ బావి నీళ్ళు బాగున్నాయన్నది ఎవరూ చూసి పంపింది కాదు, ఆ జిల్లాలోనూ ఫ్లోరిన్ ఊళ్ళున్నాయి. పెద్దనాయిన కొడుకు, నాకంటే నాలుగు నెలలు పెద్ద, మా ఊళ్ళోనే ఉండిపోయాడు. సెలవుల్లో పోయినప్పుడల్లా వాడి నడక మారుతూ వచ్చింది. పదో తరగతికి వచ్చేసరికి వాడి మోకాళ్ళు లోపలికి తిరిగి ఒకదానికొకటి రాసుకునేవి. పెరిగే పిల్లల ఎముకలు పెద్దవాళ్ళ ఎముకల కంటే ఎక్కువ ఫ్లోరైడ్ లాక్కుంటాయి. ఈ మోకాళ్ళ గురించి హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి 1973లోనే లాన్సెట్‌లో రాశారు. సాగర్ ఆనకట్ట వచ్చాక భూమిలో నీటిమట్టం పెరిగి, జొన్నల్లో మాలిబ్డినం అనే లోహం ఎక్కువై, అది కూడా తోడైందని ఒక వాదన నడిచింది. మేం పుట్టడానికి 15 ఏళ్ళ ముందే ఎవరో మా అన్న మోకాళ్ళ గురించి రాసి పెట్టారన్నమాట.

నా ఒంట్లో దానికి సాక్ష్యం పళ్ళు. పంటి మీది ఎనామిల్ చిగురులోపలే తయారవుతుంది, తయారు చేసిన కణాలు పని అయిపోగానే చచ్చిపోతాయి. తర్వాత దిద్దుబాటు ఉండదు. ముందరి పళ్ళకి నాలుగయిదేళ్ళకల్లా పూత పూర్తవుతుంది, వెనక దవడ పళ్ళకి ఏడెనిమిదేళ్ళ దాకా పడుతుంది. మూడేళ్ళ కింద పన్ను నొప్పని పోతే డెంటిస్టు అద్దం పెట్టి చూసి, "మీరు చిన్నప్పుడు ఊరు మారారా?" అంది. నా ముందరి పళ్ళ మీద గోధుమరంగు గీతలు. వెనకవి తెల్లగా ఉన్నాయి. పురావస్తు శాఖవాళ్ళు వేల ఏళ్ళ నాటి మనిషి ఎక్కడ పుట్టి ఎక్కడికి వలసపోయాడో పంటి ఎనామిల్ చూసి చెప్తారని చదివాను. నాకు డెంటిస్టు అయిదు నిమిషాల్లో చెప్పేసింది.

గీతలు కనపడకుండా తొడుగులు వేయించుకోమంది. ఇంజినీరింగ్ నాలుగేళ్ళూ, మొదటి ఉద్యోగం ఇంటర్వ్యూలోనూ నోరు మూసుకునే నవ్వినవాణ్ణి, అప్పుడైతే ఎగిరి గంతేసేవాణ్ణి. ఇప్పుడు వద్దన్నాను. ఎందుకంటే చెప్పడం కష్టం. మా అన్న మోకాళ్ళకి తొడుగుల్లేవు.

1955 డిసెంబరు 10న నందికొండ దగ్గర నెహ్రూ నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేశాడు. సరిగ్గా అదే తేదీన వెలువడిన బ్రిటిష్ మెడికల్ జర్నల్ సంచికలో ఎ. హెచ్. సిద్దిఖీ రాసిన వ్యాసం ఉంది, "హైదరాబాద్-దక్కన్ నల్లగొండ జిల్లాలో ఫ్లోరోసిస్" అని. ఒకే రోజు, ఒకే జిల్లా. ఆ రెండు కాగితాలూ ఒకదాన్నొకటి ఎప్పుడూ చూసుకోలేదు. 1967లో సాగర్ కాలవల్లోకి నీళ్ళొచ్చాయి, ఎడమ కాలవ మిర్యాలగూడ వైపు పోయింది. మేం ఎత్తున ఉన్నాం. తర్వాత నాగపూర్‌లోని నీరి సంస్థవాళ్ళు పటిక, సున్నం, బ్లీచింగ్ పొడితో ఫ్లోరైడ్ తీసే పద్ధతి కనిపెట్టి దానికి నల్లగొండ టెక్నిక్ అని పేరు పెట్టారు. ఇథియోపియాలో, టాంజానియాలో మా జిల్లా పేరు తెలిసినవాళ్ళున్నారంటే దాని పుణ్యమే. మా ఊళ్ళో మాత్రం ఆ డ్రమ్ములో వడ్లు పోసుకున్నారు.

1996 లోక్‌సభ ఎన్నికల్లో జలసాధన సమితి పిలుపుతో నీళ్ళ కోసం నామినేషన్లు వేస్తే నల్లగొండలో మొత్తం 480 మంది బరిలో నిలిచారు. బ్యాలెట్ పేపరు కాదది, పుస్తకం. పెద్దనాయిన దాన్ని కిందపెట్టి చూడలేక మొహానికి ఎదురుగా ఎత్తిపట్టుకుని పేజీలు తిప్పాడని, పోలింగు సారు గుసగుసగా కేకలేశాడని ఇంట్లో చాలా రోజులు చెప్పుకుని నవ్వారు. ఆ తర్వాత డిపాజిట్ 500 నుంచి 10 వేలకి పెంచారు. నీళ్ళు రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. ఇప్పుడు కృష్ణ నీళ్ళు నల్లాలో వస్తున్నాయి. అన్న బిడ్డకి ఎనిమిదేళ్ళు, పళ్ళు తెల్లగా ఉన్నాయి. అన్న మోకాళ్ళు అలాగే ఉన్నాయి. నీళ్ళు మారినంత తొందరగా ఎముక మారదు.

పెద్దనాయిన 2019 ఎండాకాలంలో పోయాడు. చివరి రెండేళ్ళు మంచంలోనే, పక్కకు తిరిగి, మోకాళ్ళు పొట్టకు మడిచి. వెన్ను ఆ వంపులోనే బిగుసుకుంది. మాలో పూడ్చిపెడతారు. బొంద తవ్వేవాళ్ళు ఇంటికొచ్చి ఆయన్ని చూసి, పొడుగు తగ్గించి వెడల్పు పెంచాలని వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకున్నారు. నాలుగడుగులు పోయాక మొరం తగిలింది, గడ్డపారలతో ఇంకో గంట. వెల్లకిలా పడుకోబెట్టడం కుదరక పక్కకే పడుకోబెట్టారు, మంచంలో ఉన్నట్టే. తల ఎటు ఉండాలో అటు పెట్టాలంటే మనిషి మొత్తాన్ని మలపాల్సి వచ్చింది. అన్న ఒక పక్క పట్టుకున్నాడు, నేనొక పక్క. నెమ్మదిగా, కొంచెం కొంచెంగా మలిపాం.

తవ్విపోసిన ఎర్రమట్టి కుప్పలో అక్కడక్కడ తెల్లటి గడ్డలున్నాయి, గోలీలంత, కొన్ని నిమ్మకాయంత. అన్న బిడ్డ ఒకటి ఏరి మట్టి దులిపి నా దగ్గరికి తెచ్చింది.

"చిన్నాయినా, ఇది బొక్కనా?"

"కాదు బిడ్డా, సున్నం."

గౌను జేబులో వేసుకోబోయింది. వాళ్ళ నాయిన చూసి, బొందకాడి మట్టి ఇంటికి తేవద్దని కసిరాడు. కుప్ప మీదికి విసిరేసి, చేతులు గౌనుకి తుడుచుకుని వెళ్ళిపోయింది.